తల దురద – దాని మూలాన్వేషణ

దురద యనునది వ్యాధి కాదు. లోపల నున్న వ్యాధి పలికెడు మాట. జ్వరము, దగ్గు ఎట్టివో తల దురద కూడ అట్టిదే. ఒకే మాటను పలువురు పలుకవచ్చును. పలికినదెవరో తెలిసికొనక మందు వేయుట చీకటిలో రాయి విసరుట వంటిది.

అయినను మన ఇండ్లలో సాధారణముగా జరుగుచున్నది ఇదియే. ఒకరు తల గోకికొనుట చూచినంతనే ‘చుండ్రు’ అని ఒకరు, ‘పేలు పడినవి’ అని ఒకరు, ‘వేడి చేసినది’ అని మరియొకరు తీర్పు చెప్పుదురు. నూనె పట్టింతురు, నిమ్మరసము రుద్దుదురు, మందుల దుకాణము నుండి ఒక ట్యూబు తెచ్చి పూయుదురు. పది దినములు తగ్గినట్లుండి దురద మరల వచ్చును. అప్పుడు వైద్యుని కడకు పోవుదురు. అప్పటికి తలపై నుండవలసిన ఆనవాళ్ళు సగము చెరిగిపోయి యుండును.

సామాన్య వైద్యుడు తన చిన్న గదిలో, పెద్ద యంత్రములు లేకయే, ఈ దురదకు మూలమును ఎట్లు కనుగొనగలడో ఈ వ్యాసములో వివరింపదలచినాము. మేము చెప్పదలచినది ఒక్కటే: ముందు చూపు, తరువాత మందు. ఈ వరుస తప్పినచో డబ్బు వృథా యగుటతో సరిపోదు. కొన్ని వేళల జుట్టు శాశ్వతముగా పోవును; మరికొన్ని వేళల ఒక బాలికకు నలుగురిలో తల ఎత్తుకొను ధైర్యమే పోవును.

ఓడలరేవులో ఒక ఇల్లు

చెప్పబోవు విషయము గాలిలో మాటగా నుండకుండ, దానిని ఒక ఊరికి చేర్చి చెప్పెదము. అల్లవరము మండలములోని ఓడలరేవు, వైనతేయ గోదావరి బంగాళాఖాతమును చేరు ప్రాంతమున నున్న తీర గ్రామము. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుండి విడివడి, అదే సంవత్సరములో డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు తాల్చిన కోనసీమ జిల్లాలో ఇది చేరియున్నది. ఇచట చేపల వేట కలదు, కొబ్బరి తోటలు కలవు, చమురు సహజవాయు సంస్థ వారి తీర కేంద్రము కలదు, ఇంజనీరింగు కళాశాల కలదు. ఎండలో వల లాగువాడును, శిరస్త్రాణము ధరించి పనిచేయు కార్మికుడును, కొబ్బరి పీచు దుమ్ములో కూర్చుండు స్త్రీయును, వసతి గృహములో ఒకరి దువ్వెన ఒకరు వాడుకొను విద్యార్థులును ఒకే గాలి పీల్చుచున్నారు. సముద్రపు తేమ, చెమట, తలకు నూనె పట్టించు అలవాటు అందరికిని సమానమే. తల దురద కారణము మాత్రము అందరికిని సమానము కాదు.

అట్టి ఊరిలో ఒక ఇంటిని ఊహించుకొందము. ఎనిమిదేండ్ల బాలిక బడిలో తల గోకికొనుచున్నది. ఆమె అన్న కళాశాల విద్యార్థి. అతని భుజములపై తెల్లని పొట్టు రాలుచున్నది. తండ్రి పండుగకు ముందు జుట్టుకు నల్లరంగు వేసికొన్నాడు. రెండు దినములలో చెవులు వాచినవి. తాతగారికి ఏండ్ల తరబడి తలలో మందమైన పొలుసులు కలవు. నలుగురును చెప్పు మాట ఒక్కటే: ‘తల దురదగా నున్నది.’ నలుగురికిని ఒకే సీసాలోని మందు పనిచేయునా? పనిచేయదు. ఎందులకో చూతము.

అడుగవలసిన ప్రశ్నలు

చేయి తలపై వేయుటకు ముందే వైద్యుడు కొన్ని ప్రశ్నలు అడుగును. దురద ఎన్నాళ్ళ నుండి? ఇంటిలో గాని, ప్రక్క మంచముపై పండుకొనువారికి గాని కలదా? ఇంటిలో పలువురు గోకికొనుచున్నచో పేలు, తామర, గజ్జి వంటి అంటుకొను కారణములు ముందుకు వచ్చును. రోగి ఒక్కడే బాధపడుచున్నచో చుండ్రు, సోరియాసిస్, రంగుల వలన కలుగు అలర్జీ ముందుకు వచ్చును.

వయస్సు గొప్ప సాక్షి. తల తామర ప్రధానముగ యుక్తవయస్సు రాని పిల్లల వ్యాధి. చుండ్రు యుక్తవయస్సుతో మొదలగును. ఏలన, చర్మములోని నూనె గ్రంథులు అప్పుడే చురుకుగా పనిచేయనారంభించును. పదేండ్ల లోపు బిడ్డ తలలో పొట్టు రాలుచున్నదనగా ‘చుండ్రులే’ అని వదలివేయరాదు. అది తామర కాదని రూఢి చేసికొనవలెను.

తరువాత, తలకు ఏమేమి పూసినారు? క్రొత్త షాంపూ, సువాసన నూనె, రంగు, ఇతరుల సలహాపై కొన్న లేపనము – అన్నియు చెప్పించుకొనవలెను. రోగులు లేపనమును మందుగా భావింపక చెప్ప మరచుట కద్దు. కనుక ఇంటనున్న ట్యూబును, సీసాను వెంట తెమ్మనుట మేలైన పద్ధతి. ఇతర వ్యాధులు, వాడుచున్న మాత్రలు, ఇంటిలో ఉబ్బసము, సోరియాసిస్ వంటివి గలవా అని కూడ అడుగవలెను. దురద నిద్ర చెరచుచున్నదా, బడి మానిపించుచున్నదా అను ప్రశ్నతో బాధ యొక్క బరువు తెలియును.

చూడవలసిన తీరు

ఇందులకు కావలసిన సామగ్రి అల్పము: మంచి వెలుతురు, ఒక భూతద్దము, సన్నని పండ్ల పేల దువ్వెన, ఒక తెల్ల కాగితము. జుట్టును పాయలు పాయలుగా విడదీసి, నుదుటి నుండి మెడ వరకు, ఒక చెవి నుండి మరియొక చెవి వరకు చూడవలెను. చెవుల వెనుకను, మెడ పైభాగమును తప్పక చూడవలెను.

చూచునప్పుడు మూడు విషయములు తేల్చుకొనవలెను. చర్మముపై పొలుసు కలదా? వెంట్రుకలు విరిగినవా, ఊడినవా? ఏమియు లేక గోళ్ళ గీతలు మాత్రమే కలవా? ఈ మూడు విషయములు కారణములను మూడు గుంపులుగా విడదీయును.

తలతోనే చూపు ఆగరాదు. కనుబొమలు, ముక్కు ప్రక్కలు, మోచేతులు, మోకాళ్ళు, గోళ్ళు, వ్రేళ్ళ సందులు చూడవలెను. మెడ వెనుక బిళ్ళలు కట్టినవేమో తడిమి చూడవలెను. తలలోని వ్యాధి తన పేరును తరచుగా తలకు వెలుపలనే వ్రాసికొని యుండును.

పేలు

పై ఇంటిలోని బాలికతో మొదలు పెట్టుదము. ఆమె చెవుల వెనుకను మెడ దగ్గరను గోకికొనుచున్నది. వెంట్రుకలకు తెల్లని చుక్కలు అంటుకొని యున్నవి. అవి ఈపులా, చుండ్రు పొట్టా? వ్రేలితో దులిపిన రాలునది పొట్టు. వెంట్రుక వెంబడి సులువుగా జారునది వెంట్రుకను చుట్టుకొన్న చర్మపు తొడుగు. కదల్చినను కదలక, వెంట్రుకకు ఒక ప్రక్కగా బంక వేసినట్లు అతుకుకొని యుండునది ఈపి. ఈ చిన్న పరీక్షతో ఎన్నో తప్పు తీర్పులు తప్పును.

ఈపి కనబడినంత మాత్రమున పేలు ఇప్పుడు ఉన్నట్లు రుజువు కాదు. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. పేను తన గ్రుడ్డును వెంట్రుక మొదట పెట్టును. అది వారము, పది దినములలో పొదుగును. కావున చర్మమునకు ఒక సెంటీమీటరు కంటె దూరముగా నున్న ఈపి చాల వరకు ఖాళీ పెంకు మాత్రమే. ప్రాణముతో కదలెడు పేను కనబడినపుడే చికిత్స అవసరము. అది నువ్వు గింజంత యుండి వెలుతురుకు పారిపోవును. దానిని పట్టుటకు కంటి చూపు కంటె దువ్వెన మేలు. జుట్టును తడిపి, కొబ్బరినూనె గాని జారుడునిచ్చు మరియొకటి గాని పట్టించి, మొదటి నుండి కొస వరకు దువ్వి, ప్రతి దువ్వుకును దువ్వెనను తెల్ల కాగితముపై తుడిచి చూడవలెను.

పేను కాటుకు దురద వెంటనే పుట్టదు. దాని లాలాజలమునకు శరీరము ప్రతిక్రియ చూపుటకు మొదటిసారి నాలుగు నుండి ఆరు వారములు పట్టవచ్చును. కనుక దురద లేని అక్కచెల్లెండ్ర తలలు కూడ చూడవలెను. పేను ఎగురదు, దుముకదు. తలకు తల తాకినపుడు ప్రాకి చేరును. అది మురికిని వెదకికొని రాదు. శుభ్రమైన తల దానికి సమ్మతమే. పేలు పడిన బిడ్డను మురికిదని ఈసడించుట శాస్త్ర విరుద్ధము, మానవత్వ విరుద్ధము.

చికిత్సకు 1 శాతము పర్మెత్రిన్ ద్రవమును పది నిమిషములుంచి కడిగి, ఏడు నుండి పది దినములలో రెండవ మారు వాడుదురు. మొదటి మారు తప్పించుకొన్న గ్రుడ్ల నుండి వచ్చిన పిల్లలు తిరిగి గ్రుడ్లు పెట్టక మునుపే రెండవ మారు పడవలెను. రెండవ మారు మరచుటయే అనేకుల విషయమున మందు విఫలమగుటకు కారణము. కిరోసిన్ పోయుట మాత్రము ఎన్నడును కూడదు. అది చర్మమును కాల్చును, ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేయును, ప్రక్కన పొయ్యి యున్నచో ప్రాణమే తీయును.

చుండ్రు

అన్నగారి భుజములపై పొట్టు చుండ్రు. తలపై చర్మము రేగకుండ పొట్టు మాత్రమే రాలినచో చుండ్రు అందుము. ఎఱ్ఱదనము, పసుపు వన్నె గల జిడ్డు పొలుసులు, ముక్కు ప్రక్కలను, కనుబొమలలోను, చెవుల వెనుకను అట్టివే కనబడినచో దానిని సెబోరిక్ చర్మశోథ యందురు. రెండును ఒకే చెట్టు కొమ్మలు. మన అందరి చర్మముపై నివసించు మలసీజియా అను ఈస్టు జాతి సూక్ష్మజీవి చర్మపు నూనెను తిని బ్రతుకును. 1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ మలసె చుండ్రు పొలుసులలో దీనిని గుర్తించినందున దీనికి ఆయన పేరు వచ్చినది. నూనెను విరుచునపుడు వెలువడు క్రొవ్వు ఆమ్లములు కొందరి చర్మమును రేపును. ఆ సూక్ష్మజీవి అందరిపైనను ఉండగా కొందరికే బాధ కలుగుట వారి చర్మ స్వభావము వలన.

ఇచట కోనసీమ వారికి ఒక ప్రశ్న తోచును: కొబ్బరినూనె చుండ్రును పోగొట్టునా? నూనె పొట్టును మెత్తబరచి తలకు అంటించును. కనుక రాలుట ఆగినట్లు తోచును. దురదయు కొంత శమించును. కాని సెబోరిక్ చర్మశోథ యొక్క మూలమునకు నూనె మందు కాదు. ఎఱ్ఱబారి జిడ్డుగా నున్న తలకు నూనె పట్టించి దినముల తరబడి ఉంచుట మంచిది కాదు. మందమైన పొలుసులను మెత్తబరచుటకు కొన్ని గంటలు పట్టించి కడిగివేయవచ్చును. వైద్యుని దృష్టిలో మరియొక చిక్కు కలదు: నూనె నిండిన తలలో పొలుసు కనబడదు. పరీక్షకు పోవు ముందటి దినము తలంటుకొని, నూనె రాయక పోవుట మంచిది.

ఈ వ్యాధికి 2 శాతము కెటోకొనజోల్ షాంపూను వారమునకు రెండు మారులు, నురుగును మూడు నుండి ఐదు నిమిషములు తలపై నుంచి కడుగుచు, నాలుగు వారములు వాడుట ప్రసిద్ధమైన పద్ధతి. వెంటనే కడిగివేసినచో ఫలము స్వల్పము. ఇది పూర్తిగా మాయమగునది గాక అదుపులో నుంచుకొనదగినది యని రోగికి ముందే చెప్పవలెను. చెప్పకున్నచో, మరల వచ్చినపుడు అతడు వైద్యము నెడల నమ్మకము కోల్పోవును. చుండ్రు అకస్మాత్తుగా మిక్కిలి తీవ్రమై ముఖమంతయు వ్యాపించినచో శరీర రక్షణ శక్తి తగ్గుటకు కారణములను, హెచ్.ఐ.వి. తో సహా, వైద్యుడు ఆలోచింపవలెను.

సోరియాసిస్

తాతగారి తలలో పొలుసులు వెండి వన్నెతో మందముగా నున్నవి. వాటి అంచు గీత గీసినట్లున్నది. జుట్టు దాటి నుదుటిపైకి వచ్చినది. మోచేతులపై అట్టి మచ్చలే కలవు. గోళ్ళపై సూదితో పొడిచినట్లు గుంటలు కలవు. ఇది సోరియాసిస్. చర్మము నెల దినములలో మార్చుకొనవలసిన పొరను కొద్ది దినములలోనే మార్చుకొనుట వలన పొలుసులు పేరుకొనును. ఇది అంటువ్యాధి కాదు. తాతగారి తువాలును వేరుచేయ నక్కరలేదు. మనుమలను ఆయన ఒడి నుండి దింప నక్కరలేదు. కీళ్ళ నొప్పులు గలవా అని మాత్రము తప్పక అడుగవలెను. ఈ వ్యాధి కొందరిలో కీళ్ళను కూడ పట్టును.

ఈ వ్యాధి చికిత్సా చరిత్రలో మన గోదావరి ప్రాంతపు బిడ్డ ఒకరి పాత్ర కలదని విద్యార్థులు తెలిసికొనదగును. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లముపై పరిశోధనలు నడిపిరి. ఆయన బృందము తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధములలో అమినోప్టెరిన్ ఒకటి. దానితో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సరుకు తాత్కాలిక ఉపశమనము సాధించెను. 1951లో అదే ఔషధము సోరియాసిస్‌ను తగ్గించునని గుర్తింపబడినది. దాని సోదరి వంటి మెథోట్రెక్సేట్ నేటికిని తీవ్రమైన సోరియాసిస్‌కు ప్రపంచమంతట వాడబడుచున్నది. సుబ్బారావు 1948 ఆగస్టులోనే మరణించిరి. ఈ ఫలమును వారు చూడలేదు. ఇది రక్త పరీక్షలతో, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన శక్తిమంతమైన ఔషధము. తలకు మాత్రమే పరిమితమైన వ్యాధికి సాధారణముగా పూతలు, షాంపూలు చాలును.

తామర, పేనుకొరుకుడు

మన భాషలోని ఒక పేరు మనలను దారి తప్పించుచున్నది. తలపై గుండ్రముగా జుట్టు ఊడినచో దానిని ‘పేనుకొరుకుడు’ అందురు. పేనుకును దానికిని సంబంధమే లేదు. శరీర రక్షణ వ్యవస్థయే పొరపాటున వెంట్రుక కుదుళ్ళపై దాడిచేయుట వలన అది కలుగును. మచ్చ నున్నగా నుండును, పొలుసు ఉండదు, దురద సాధారణముగా నుండదు. దానిపై గురివింద గింజ అరగదీసి పూయుట వంటి నాటు వైద్యములు చర్మమును పుండు చేయును. గురివింద గింజలో తీవ్రమైన విషము కలదని మరువరాదు.

ఇక బిడ్డ తలపై గుండ్రని మచ్చలో పొలుసు, దురద, మొదటనే విరిగి నల్ల చుక్కల వలె మిగిలిన వెంట్రుకలు, మెడ వెనుక బిళ్ళలు కనబడినచో అది పేనుకొరుకుడు కాదు, తల తామర. ఇది శిలీంధ్ర వ్యాధి, అంటుకొనును. శిలీంధ్రము వెంట్రుక లోనికి పోవును గనుక పైపూత ఒక్కటే దానిని చేరలేదు. గ్రిసియోఫుల్విన్, టెర్బినాఫిన్ వంటి నోటి మందులు వారముల తరబడి వాడవలెను.

వెంట్రుకలను, పొలుసులను గీకి పొటాసియం హైడ్రాక్సైడు ద్రావణములో సూక్ష్మదర్శిని క్రింద చూచినచో శిలీంధ్రము కనబడును. కల్చర్ పరీక్షకు కొన్ని వారములు పట్టును. ఉడ్స్ దీపమను అతినీలలోహిత కాంతి క్రింద కొన్ని జాతుల శిలీంధ్రములు పచ్చగా మెరయును. కాని మన దేశమున తరచుగా కనబడు ట్రైకోఫైటాన్ వయొలేసియమ్ అట్లు మెరయదు. దీపము క్రింద మెరయలేదని తామర లేదనుట తప్పు.

తామరను నిర్లక్ష్యము చేసినచో మచ్చ ఉబ్బి, మెత్తబడి, చీము కారు గడ్డ కావచ్చును. అది కోయదగిన కురుపు కాదు. నోటి మందుతో మానవలసినది. ఆలస్యమైనచో కుదుళ్ళు మాడి అచట జుట్టు మరల మొలవదు. 1958లో గ్రిసియోఫుల్విన్ నోటి మందుగా వాడుకలోనికి రాక పూర్వము, అనేక దేశములలో తామర గల పిల్లల తలలకు ఎక్స్-రే కిరణములు పట్టి జుట్టు ఊడగొట్టెడివారు. పారిస్ వైద్యుడు సబురో 1904లో ప్రవేశపెట్టిన ఆ పద్ధతికి గురియైన వేలాది పిల్లలలో కొందరికి ఏండ్ల తరువాత మెదడు, థైరాయిడ్ గ్రంథుల కణితులు ఎక్కువగా వచ్చినట్లు ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశీలనలు తేల్చినవి. నేడు కొన్ని వారముల మాత్రలతో పోవు వ్యాధి ఇది. అంత సులభమైన వైద్యము ఉండి కూడ గుర్తింపక పోవుట వలన బిడ్డ జుట్టు కోల్పోవుట విచారకరము.

రంగు, గోరింట

తండ్రిగారి వాచిన చెవులు రంగు యొక్క పని. నల్లరంగులలో పెక్కింట పారాఫెనిలీన్‌డయమిన్ అను రసాయనము కలదు. దానికి ఒకమారు శరీరము అలర్జీ పొందినచో, ప్రతి వాడకమునకును ఒకటి నుండి మూడు దినములలో దురద, వాపు, నీరు కారుట కలుగును. తలపై దట్టమైన చర్మము కంటె చెవులు, నుదురు, కనురెప్పలు ఎక్కువగా బాధపడును. ఇదియే ముఖ్యమైన ఆనవాలు.

పండుగలకు, నికాహ్ వేడుకలకు మన సోదరీమణులు పెట్టుకొను అచ్చమైన గోరింటాకు వలన అలర్జీ అరుదు. త్వరగా నల్లగా పండుటకై అందు ఈ రసాయనమును కలిపి ‘నల్ల మెహందీ’ పేర అమ్ముటయే ప్రమాదము. గోరింట సహజముగా ఎఱ్ఱగా పండును. గంటలో కాటుక వలె నల్లబడునది అచ్చమైన గోరింట కాదు. చేతిపై అట్టి మెహందీతో బొబ్బలు వచ్చినవారు తలకు నల్లరంగు వేసికొన్నచో తీవ్రమైన ప్రతిక్రియ రావచ్చును. రంగు వాడువారు 48 గంటల ముందు చెవి వెనుక కొద్దిగా పూసి చూచికొనవలెను. అలర్జీ అనుమానము గలవారికి చర్మ వైద్యులు వీపుపై పట్టీలతో చేయు పరీక్ష కారణమైన రసాయనమును తేల్చును.

తల కప్పుకొనుట వలన దురద పుట్టదు. తడిసిన జుట్టును ఆరనీయక కప్పుట, చెమట పట్టిన టోపీని, శిరస్త్రాణమును, ముసుగు వస్త్రమును ఉతుకక వాడుట వలన చెమటకాయలు, వెంట్రుక కుదుళ్ళలో చీము పొక్కులు కలుగవచ్చును. ఆరిన జుట్టు, ఉతికిన వస్త్రము చాలును.

ఏమియు కనబడని దురద

కొన్ని తలలలో పేను లేదు, పొలుసు లేదు, మచ్చ లేదు. గోళ్ళ గీతలు మాత్రమే కలవు. అప్పుడు చూపు తల నుండి దేహమంతటికి మరలవలెను. ఇనుము లోపము, థైరాయిడ్ దోషము, మధుమేహము, మూత్రపిండముల, కాలేయపు వ్యాధులు, కొన్ని మందులు దురద పుట్టింపగలవు. ఇవి తరచుగా ఒడలంతయు దురద పుట్టించును. రక్త పరీక్షలు అడుగుట అప్పుడు సమంజసము. ప్రతి చుండ్రుకు అడుగుట కాదు. మనోవ్యథ, నిద్రలేమి, పరీక్షల భయము దురదను పెంచును. గోకినకొలది చర్మము మందమగును, మందమైనకొలది దురద పెరుగును. మెడ వెనుక ఒకే చోట ఇట్లు జరుగుట తరచు. అరుదుగా, తలలో పురుగులు ప్రాకుచున్నవని దృఢముగా నమ్మి, అగ్గిపెట్టెలో పొట్టు దాచి తెచ్చువారు కూడ ఉందురు. వారిని చూచి నవ్వరాదు. వారి బాధ నిజము. వైద్యము మాత్రము వేరు.

పసిపిల్లలలో గజ్జి తలను కూడ పట్టునని, పెద్దలలో సాధారణముగా పట్టదని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. ఎచటనైనను చర్మము నున్నగా మెరసి వెంట్రుక రంధ్రములే మూసికొనిపోయిన మచ్చ కనబడినచో, చీము కారుచున్నచో, జ్వరము ఉన్నచో, నాలుగు వారముల చికిత్సకు తగ్గనిచో, సామాన్య వైద్యుడు జాగు చేయక చర్మ వైద్యుని కడకు పంపవలెను.

చూపు కంటె ముందు మందు పడినచో

దుకాణములలో అడిగినంతనే దొరకు లేపనములలో అనేకము తీవ్రమైన స్టిరాయిడ్ కలిసినవి. స్టిరాయిడ్ తగిన చోట మేలైన మందు. సోరియాసిస్‌కు వైద్యుడు దానినే వ్రాయవచ్చును. కాని తామరపై అది పడినచో ఎఱ్ఱదనము, దురద అణగును, శిలీంధ్రము లోలోపల వ్యాపించును. అంచు చెరిగిపోవును, రూపు మారును. చూచిన వైద్యుడును పోల్చుకొనలేడు. 2018లో కేంద్ర ప్రభుత్వము పలు స్టిరాయిడ్ పూతలను వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన ‘హెచ్’ షెడ్యూలులో చేర్చినది. చట్టము ఉన్నది, అలవాటు మారవలసి యున్నది.

మన కర్తవ్యము

విద్యార్థులకు మా మనవి: దురద మొదలైనచో నలుగురిని అడుగుటకు బదులు తలను వెలుతురులో చూపించుకొనుడు. దువ్వెన, తువాలు, టోపీ ఎవరివి వారు వాడుకొనుడు. పూసిన ప్రతి మందును వైద్యునికి చెప్పుడు. తోటి విద్యార్థిని తల గోకికొనుట చూచి నవ్వకుడు. నేడు ఆమె తలలో నున్నది రేపు మీ తలలో ఉండవచ్చును.

కళాశాల సంఘము వారికి మా విన్నపము: వసతి గృహములో ఒక భూతద్దము, నాలుగు పేల దువ్వెనలు, తెల్ల కాగితములు ఉంచుటకు పెద్ద ఖర్చు లేదు. సంవత్సరమునకు రెండు మారులు ఒక వైద్యురాలిని పిలిపించి, విద్యార్థినులను ఒక్కొక్కరిగా, తలుపు మూసిన గదిలో, పేర్లు బయట పెట్టక చూపించుట సాధ్యమైన పని. పేలు ఉన్నవని ఎవరినీ తరగతి నుండి పంపివేయరాదు. అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ 2022లో ప్రచురించిన నివేదిక కూడ, ఆరోగ్యముగా నున్న బిడ్డను పేల కారణముగా బడి మానిపింపరాదని స్పష్టముగా చెప్పినది. ఇంటికి పంపిన బాలిక పేలను పోగొట్టుకొని రాదు. సిగ్గును మోసికొని వచ్చును, లేదా రాకయే పోవును.

పై ఇంటిలోని నలుగురిని మరల తలచుకొందము. బాలికకు దువ్వెన, రెండు మారుల మందు; అన్నకు షాంపూ; తండ్రికి రంగు మానుట; తాతకు తగిన పూతయు, కీళ్ళ పరీక్షయు. నలుగురికి నాలుగు దారులు. ఆ దారులను వేరుచేసినది ఏ గొప్ప యంత్రమో కాదు. కొన్ని ప్రశ్నలు, కొంత వెలుతురు, కొంత ఓర్పు. ఈ ఓర్పు వైద్యునికి ఎంత అవసరమో, మందు చీటీ కొరకు తొందరపడు మనకును అంతే అవసరము.